నాన్న పెన్ను, నా కుడిచెయ్యి

"పోనీ వేలిముద్ర వేసేయండమ్మా, గొడవ ఉండదు" అన్నాడు బ్యాంకులో కుర్రాడు.

మర్యాదగానే అన్నాడు. అతని తప్పేమీ లేదు. ఫారం మీద నేను చేసిన సంతకాన్నీ కంప్యూటర్లో ఉన్న నా పాత సంతకాన్నీ పక్కపక్కన పెడితే రెండూ ఒకే మనిషివని ఎవరూ అనరు. ఒకటి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై ఏడేళ్లుగా తెలుగు చెప్తున్న పండితురాలిది. రెండోది కోడి కెలికినట్టుంది. మూడు ఫారాలు చింపాం. వెనకాల లైను పెరిగిపోతోంది. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి "కానీ" అన్నారు. ఊదారంగు ఇంకుప్యాడ్ ముందుకు జరిగింది. ఎడమచేత్తో కుడిచేతి బొటనవేలు పట్టుకుని దాని మీద అద్దాను.

ఇంటికొచ్చేదాకా ఆటోలో ఆ వేలిని చీరకొంగుతో రుద్దుతూనే ఉన్నాను.

ఎందుకంత బాధపడ్డానో చెప్పాలంటే 1991కి వెళ్లాలి. అప్పటికి నాకు పాతికేళ్లు, ఇంకా ఉద్యోగం రాలేదు. సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులు. మా ఊరి రామాలయం అరుగు మీద రాత్రిబడి పెడితే నేను చదువు చెప్పడానికి వెళ్లాను. పొగాకు పనికీ వరి కోతలకీ వెళ్లొచ్చి, పిల్లలకి అన్నాలు పెట్టి, తొమ్మిదింటికి వచ్చేవాళ్లు ఆడవాళ్లు. ఇరవై రెండు మంది. కూలి డబ్బులకి వేలిముద్ర వేసి వేసి విసిగిపోయినవాళ్లు. వాళ్లలో ఒక పెద్దావిడ నాలుగు నెలలు కష్టపడి తన పేరు రాయడం నేర్చుకుంది. ఆ రోజు బొటనవేలు పైకెత్తి చూపించి, "ఇంక ఈ ఏలికి సిరా అంటనివ్వనమ్మా" అంది.

ఆ మాట ముప్ఫై ఏళ్ల తరవాత బ్యాంకు కౌంటర్ దగ్గర గుర్తొచ్చింది నాకు.

నాకు పక్షవాతం వచ్చింది 2021 కార్తీక మాసంలో, ఒక సోమవారం. మాది కొవ్వూరు. తెల్లవారుజామున గోష్పాద క్షేత్రానికి వెళ్లి గోదావరిలో దీపం వదలడం అలవాటు. ఆ రోజు బయల్దేరే ముందు ఒత్తులు నేతిలో ముంచుతుంటే ఒకటి వేళ్లలోంచి జారిపోయింది. తీశాను. మళ్లీ జారింది. "చూడండీ, ఈ చెయ్యేంటో" అందామనుకున్నాను, మాట ముద్దగా వచ్చింది. ఉపవాసం వల్ల నీరసం అనుకున్నారు మా ఆయన. వీధి చివర వైద్యం చేసే అతను వచ్చి ఓ ఇంజెక్షన్ చేసి, పడుకుంటే తగ్గుతుందన్నాడు. పడుకున్నాను. నిద్ర లేచేసరికి కుడిచెయ్యి నాది కాదు, కాలు కూడా నాది కాదు. బ్రిడ్జి దాటి రాజమండ్రి ఆసుపత్రికి చేరేసరికి పన్నెండు దాటింది.

రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉందట. లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలట. మేం దాటిపోయాం. ఇక్కడ కథ ఆపి చెప్తున్నాను: మూతి ఓ పక్కకి జారినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట తడబడినా తల పట్టుకుని కూర్చోకండి, పడుకోబెట్టకండి. 108కి ఫోన్ చేయండి. మా ఇంట్లో ఒక్కళ్లకీ ఇది తెలియదు. ముగ్గురం డిగ్రీలు చదివినవాళ్లం.

కాలు తొందరగానే తిరిగొచ్చింది. సంక్రాంతికి చేతికర్రతో గుమ్మం దాకా వచ్చాను. ధనుర్మాసమంతా మా వాకిట్లో ముగ్గు పక్కింటి అమ్మాయి పెట్టింది. చిన్న చుక్కల ముగ్గు పెట్టి వెళ్లిపోయేది. నేను కుర్చీలో కూర్చుని, ఇరవై ఒక్క చుక్కలతో మొదలుపెట్టే నా ముగ్గులు తలుచుకునేదాన్ని.

చేతి సంగతి వేరు. భుజం కదిలింది, మోచెయ్యి వంగింది, వేళ్లు మాత్రం మొండికేశాయి. ఫిజియోథెరపీ అబ్బాయి వారానికి మూడు రోజులు వచ్చేవాడు. మెత్తటి బంతి పిసకమనేవాడు. బట్టల క్లిప్పులు డబ్బా అంచుకి పెట్టి తియ్యమనేవాడు. శనగలూ బఠాణీలూ కలిపిపోసి వేరు చెయ్యమనేవాడు. చేసేదాన్ని కానీ మనసు పెట్టలేదు, ఒప్పుకుంటాను. నలభై బఠాణీలు ఏరితే ఏమొస్తుంది? మళ్లీ కలిపేస్తాడు. పెన్ను పట్టుకోమని బాల్‌పెన్ను ఇస్తే, అది రాయాలంటే నొక్కాలి. నొక్కితే వేళ్లు బిగుసుకుపోయి, పిడికిలి మూసుకుపోయి, ఎడమచేత్తో ఒక్కో వేలూ విడదీసుకోవాల్సొచ్చేది. ఆ జనవరిలోనే మాకు రిటైర్మెంటు వయసు 62కి పెంచారు. స్టాఫ్‌రూమ్ గ్రూపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెడుతుంటే, నేను మాత్రం బోర్డు మీద అక్షరం రాయలేని తెలుగు టీచరు ఇంకా ఆరేళ్లు ఏం చెయ్యాలి అనుకున్నాను.

బ్యాంకు నుంచి వచ్చాక మూడు రోజులు నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు మెడికల్ లీవు కాగితాలకి పాత సర్వీసు ఆర్డరు ఏదో కావాల్సొచ్చింది. మా ఆయన అటక మీంచి నాన్న ట్రంకుపెట్టె దింపారు. అందులో మనియార్డరు రసీదుల కట్ట కింద, పాత రుమాల్లో చుట్టి, ఉంది. నల్లటి రత్నం పెన్ను.

మా నాన్న ఊళ్లో బ్రాంచి పోస్టుమాస్టరు. కళ్లద్దాలూ ఈ పెన్నూ లేకుండా ఆయన్ని చూసిన గుర్తు లేదు. ఉత్తరాలు పంచడం ఒక ఎత్తయితే, చదువురాని వాళ్లకి ఉత్తరాలు రాసిపెట్టడం ఆయనకి ఇంకో ఎత్తు. బర్మా వెళ్లి తిరిగిరాని మామయ్యకి, మిలట్రీలో ఉన్న కొడుక్కి, అత్తారింట్లో ఉన్న కూతురికి. రాసే ముందు పెన్నుని నేల మీద ఒకసారి విదిలించేవారు. మా పోస్టాఫీసు గచ్చు నిండా నీలం చుక్కలే.

రత్నం పెన్ను గురించి నాన్న చెప్పని రోజు లేదు. ఎవరైనా "ఓసారి పెన్నివ్వండి మేస్టారూ" అంటే ఇచ్చే ముందు ఈ కథ వినాల్సిందే. రాజమండ్రిలో కె.వి. రత్నం గారు గాంధీగారి స్వదేశీ మాట పట్టుకుని పెన్నులు చెయ్యడం మొదలుపెట్టారని, 1932లో పని మొదలైందని, ఒక పెన్ను గాంధీగారికి చేరితే 1935లో ఆయన మెచ్చుకుంటూ ఉత్తరం రాశారని చెప్పేవారు. కథ అయ్యాక, "పాళీ నొక్కకురా" అని ఇచ్చేవారు. నాన్న 1958లో కొన్నారు దీన్ని. ఒంటి మీద ఆయన పేరు చెక్కించుకున్నారు, చిన్న తెలుగు అక్షరాల్లో. అంత చిన్నగా చెక్కినా తలకట్లు కూడా కనిపిస్తాయి.

మూత రాలేదు. ఇరవై ఏళ్లకి పైగా అలాగే ఉండిపోయింది కదా, లోపల సిరా ఎండి బంకలా పట్టేసింది. నేను చేసిన తప్పు ఇక్కడే. స్నానానికి కాగుతున్న వేన్నీళ్లు గ్లాసులో పోసి పెన్ను అందులో పడేశాను. అయిదు నిమిషాలకి నీళ్లు చిక్కటి నీలంగా మారాయి. అబ్బ, కరుగుతోంది అని సంబరపడి ఆ నీళ్లు సింకులో పారబోసి మళ్లీ వేడినీళ్లు పోశాను. మూడోసారికి మూత ఊడొచ్చింది. కానీ పెన్ను నల్లగా లేదు. తడి తుడిచేసరికి పాచిపట్టిన గోధుమరంగులో, వెలిసిపోయి ఉంది. గంధకం వాసన గుప్పుమంది.

అది ఎబొనైట్. రబ్బరులో గంధకం ఎక్కువ పాళ్లలో కలిపి ఉడికిస్తే కొయ్యలా గట్టిపడుతుంది, దాన్ని లేత్ మిషన్ మీద తిప్పి పెన్నులు చేస్తారు. చేతికి చల్లగా తగలదు, చెమటకి జారదు. రెండిటికి మాత్రం పడదు: ఎండ, వేడినీళ్లు. ఇదంతా తరవాత తెలుసుకున్నాను. ఆ పూటకి నాకు తెలిసింది ఒక్కటే, నాన్న వస్తువు నా చేతులతో పాడుచేశాను. పక్షవాతం వచ్చినప్పుడు కూడా అంత ఏడవలేదు.

రాజమండ్రి మెయిన్‌రోడ్డు పక్క సందులో పెన్నులు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడని మా ఆయన స్నేహితుడు చెప్తే వెళ్లాం. కొట్టు అంటే మూడడుగుల బల్ల, దాని వెనక ఆయన, గోడకి ఒక గడియారం, అంతే. భూతద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"వేన్నీళ్లు పోశారాండి?"

తలూపాను.

"అందరూ అదే చేత్తారండి. ఏం పర్లేదు. పైపొర తీసేసి పాలిష్ పట్టిత్తే నల్లగా వచ్చేత్తాది. కాపోతే ఈ పేరు అరిగిపోద్దండి, ఆయ్."

మా ఆయన నా వంక చూశారు. "రంగు అలాగే ఉండనివ్వండి" అన్నాను.

ఆయన పాళీ లాగాడు. పాళీ కింద సన్నటి గాట్లతో నల్లటి ముక్క ఒకటి ఉంటుంది, ఫీడ్ అంటారు. మా ఇంట్లో నాలిక అనేవాళ్లం. రెండూ కడిగి, చీలికలోంచి వెలుతురు చూసి, మళ్లీ బిగించి, సిరా పోసి, ఒక తెల్లకాగితం నా ముందుకి తోశాడు. నేను ఎడమచేత్తో అందుకోబోతుంటే, "కుడిచేత్తో పట్టుకోండి" అన్నాడు. చెప్పాను సంగతి. చెయ్యి కేసి చూశాడు కానీ అయ్యో అనలేదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

"మీది నొక్కి రాసే చెయ్యాండి?"

"టీచర్ని. సుద్దముక్క అలవాటు."

"ఇది సుద్దముక్క కాదండి. దీన్ని నొక్కక్కర్లేదు. పక్కకి వాల్చి కాగితం మీద పెట్టండి. బరువు అదే చూసుకుంటాది."

వేళ్ల మధ్య ఇరికించి, పెన్ను వెనకభాగం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న సందులో ఆనించి, వదిలేశాను. నిజంగానే వదిలేశాను. కాగితం మీద నీలం చుక్క పడింది, మణికట్టు కదిపితే గీత అయింది. వంకరగీతే. కానీ వేళ్లు బిగుసుకోలేదు. నాలుగు నెలల తరవాత నా చెయ్యి, ఎవరూ పట్టుకోకుండా, పిడికిలి పడకుండా గీసిన మొదటి గీత. ఆ కాగితం ఇంకా ఉంది నా దగ్గర.

తరవాత నెలల్లో జరిగింది చెప్పుకోవడానికి పెద్దగా ఉండదు. రోజూ పొద్దున్న కాఫీ అయ్యాక ఒక గంట, సాయంత్రం దీపం పెట్టాక ఒక గంట. పొడవాటి లెక్కల పుస్తకం. మొదటి రెండు వారాలూ సున్నాలు.

తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉండడానికి తాటాకు కారణమని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలిపోతుంది, అందుకని మనవాళ్లు అక్షరాన్ని తిప్పారు అని. చెప్పినప్పుడల్లా పిల్లలు ఆవలించేవాళ్లు. ఇప్పుడు ఆ గుండ్రతనమే నన్ను కాపాడింది. నా చెయ్యి నిలువుగీత గీస్తే మధ్యలో వణుకు, ఆగితే సిరా ముద్ద. గుండ్రంగా తిప్పితే మాత్రం మణికట్టే లాక్కెళ్లేది, వేళ్లకి పని తక్కువ. సున్నాకి తలకట్టు పెడితే ర. ర కడుపులో చుక్క పెడితే ఠ. ఆ చుక్క సరిగ్గా మధ్యలో పడడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ వరసలో గ వచ్చింది, ప వచ్చింది. వ, మ, య ఒక కుటుంబం, కలిసి వచ్చాయి. కొమ్ములు సులువు. గుడి దగ్గర చెయ్యి పైకెత్తాలి, అక్కడ కష్టం. అ మహా మొండిది. ఇన్నేళ్లూ పిల్లలతో మొదట అ దిద్దించాను. ఇప్పుడనిపిస్తోంది, చిన్నవేళ్లకి అంత కష్టమైన అక్షరంతో మొదలుపెట్టడం ఏం న్యాయం? ర తో మొదలుపెట్టాలి. డిపార్ట్‌మెంటు వాళ్లు నా మాట వినరనుకోండి.

సిరా అబద్ధం చెప్పనివ్వదు, అదొకటి గమనించాను. బాల్‌పెన్ను గీత ఎక్కడైనా ఒకటే. దీనికి అలా కాదు, ఎక్కడ ఆగానో అక్కడ మందం, ఎక్కడ భయపడ్డానో అక్కడ ముడి, ఎక్కడ హాయిగా తిరిగానో అక్కడ సన్నగా మెరుపు. రెండు నెలల పుస్తకం వెనక్కి తిప్పితే ముడులు తగ్గుతూ రావడం కంటికి కనిపించేది. బఠాణీలు ఏరితే ఇది కనిపించదు.

ఫిజియోథెరపీ అబ్బాయికి చూపిస్తే సంతోషించాడు, కానీ జాగ్రత్తగా మాట్లాడాడు. "పెన్ను గొప్పతనం కాదు మేడం, రోజుకి రెండు గంటలు అదే పని చేస్తున్నారు చూడండి, అది. బఠాణీలు అన్నిసార్లు ఏరినా వచ్చేదే." నిజమే అయ్యుంటుంది. మెదడులో పాడైన దారి బదులు వేరే దారి పడాలంటే అదే పని వందలసార్లు చెయ్యాలని డాక్టరు గారు కూడా అన్నారు. కానీ బఠాణీలని నేను రెండు గంటలు ఏరను కదా నాయనా. అందుకే, పెన్ను వల్ల నయమైందని నేను ఎవరికీ చెప్పను. మందులు వేసుకున్నాను, ఉప్పు తగ్గించాను, బీపీ చూయించుకుంటున్నాను. పెన్ను చేసిందల్లా, తెల్లారితే లేవడానికి నాకో పని చూపించింది.

జూన్‌కల్లా శ్రీ వచ్చింది. ఎడమ నుంచి చుట్టుకొచ్చే ర వత్తుతో సహా. ఆ రోజు పోస్టాఫీసుకి మనిషిని పంపి పది కార్డులు తెప్పించాను. కార్డు అప్పటికి ఇంకా యాభై పైసలే. విజయనగరంలో ఉన్న మా అక్కకి, "శ్రీ" అని మొదలుపెట్టి, "ఉభయకుశలోపరి" అని రాసి, "నేనే రాస్తున్నాను" అని ఒక్క వాక్యం రాసేసరికి కార్డు నిండిపోయింది. అక్షరాలు అంతంత ఉన్నాయి. వారం తరవాత అక్క ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేదు. "ఏంటే" అంటే, "నాన్న కార్డనుకున్నానే" అంది. నాన్న పెన్ను పాళీ ఒక వైపు అరిగింది, నిలువుగీతలు లావుగా పడతాయి. అది నాన్న చేతివాటం. నా అక్షరానికి ఆ మందం వచ్చింది.

ఇంక అక్కణ్ణించి పిచ్చి పట్టింది. వేరే మాట లేదు దీనికి. రత్నం అయ్యాక, రాజమండ్రిలోనే చేసే గైడర్ పెన్ను ఒకటి. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి లామీ అనే కంపెనీ పెన్ను పంపాడు, పట్టుకునేచోట మూడు పలకలుగా ఉంటుంది, వేళ్లు వాటంతట అవే సర్దుకుంటాయి. చెయ్యి బలహీనంగా ఉన్నవాళ్లకి మంచిది, నాకు మాత్రం అందులో సిరా నిమిషంలో అయిపోయినట్టుంటుంది. మన పాతకాలం పెన్ను ఒళ్లంతా సిరాబుడ్డే, ఫిల్లర్‌తో పోసుకుంటే వారం రోజులు రాస్తుంది. దానికీ ఒక చాదస్తం ఉంది. సగం ఖాళీ అయ్యాక చేతివేడికి లోపలి గాలి వ్యాకోచించి, ఉన్నట్టుండి ఒక బొట్టు కక్కుతుంది. నా చీరలన్నిటికీ ఇప్పుడు కుచ్చిళ్ల దగ్గర నీలం మచ్చలున్నాయి. "చీరలు కొనుక్కోమంటే పెన్నులు కొంటావు, ఉన్న చీరలకి ఇంకు పూస్తావు" అని మా ఆయన గోల. ఆయన మాత్రం ఎక్కడికి వెళ్లినా పాత సామాన్ల కొట్లలో పెన్నులేమైనా ఉన్నాయేమో అడిగొస్తారు. నలభై మూడు అయ్యాయి ఇప్పటికి. అందులో సగం అలా ఆయన తెచ్చినవే.

తెచ్చినవి రాయవు కాబట్టి బాగుచెయ్యడం మొదలైంది. మెయిన్‌రోడ్డు పెద్దాయన దగ్గర నాలుగైదు శనివారాలు కూర్చున్నాను. ఆయన నేర్పించడు, చేస్తుంటే చూడనిస్తాడు. చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టడం. పాళీ చీలిక రెండు కాళ్లూ సమంగా ఉన్నాయో లేదో భూతద్దంలో చూడటం, ఎత్తుగా ఉన్న కాలిని బొటనవేలి గోటితో కిందకి వంచడం. గోరంత పని అంటే అదే. గరుకుగా ఉంటే పుస్తకాల అట్టలకి వేసే బ్రౌన్ పేపరు మీద సున్నాలు చుట్టడం. నేను సున్నాలు చుట్టను, ఠలు రాస్తాను, అలవాటైపోయింది.

ఈ పనిలో నా కుడిచెయ్యి గట్టిగా తిప్పలేదు, అందుకని పాళీలు విరగ్గొట్టలేదు. పెద్దాయన అన్నాడోసారి, "బలం ఉన్నోళ్లేనండి పెన్నులు పాడుచేసేది" అని. నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజంగా అన్నాడో.

బడికి మళ్లీ వెళ్లాను. బోర్డు మీద ఇప్పటికీ సరిగ్గా రాయలేను, చెయ్యి అంత ఎత్తు లేచి నిలబడదు. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి రాస్తుంది, నేను చెప్తాను. సంతకం కూడా పాతది తిరిగి రాలేదు. పాతదానిలో చివర ఒక పెద్ద కొస ఉండేది, గొప్పగా. అది రాదింక. 2023లో బ్యాంకుకి వెళ్లి కొత్త సంతకం ఇచ్చాను, నాన్న పెన్నుతో, ముగ్గురి ముందు. ఆ కుర్రాడు బదిలీ అయ్యాడట, ఇంకెవరో అమ్మాయి ఉంది. ఆవిడకి ఇదేమీ తెలియదు. "సిరా ఆరనివ్వండి మేడం, స్కాన్ చెయ్యాలి" అంది. ఇద్దరం కాసేపు ఆ కాగితం మీద ఉఫ్ ఉఫ్ అని ఊదాం.

వారానికి రెండు కార్డులు రాస్తాను పాత పిల్లలకి. జవాబుగా ఎక్కువమంది కార్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి "టీచర్ గారూ!!" అంటారు. ఉత్తరం రాసేవాళ్లు తక్కువ. నా కార్డు చూసే, ఒకబ్బాయి, కరెంటాఫీసులో పనిచేస్తాడు, పోయిన గురువారం ఇంటికొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆకుపచ్చ గీతల పెన్ను. వాళ్ల తాతది. తాత కరణీకం చేసినాయన, పోయి పద్దెనిమిదేళ్లయింది.

"పని చేస్తుందంటారాండి?"

చెప్పలేనన్నాను. మూత బిగుసుకుపోయింది. ఈసారి వేన్నీళ్లు పొయ్యలేదు. స్టీలు గ్లాసులో చన్నీళ్లు పోసి, ఒక బొట్టు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, వంటింటి కిటికీలో ఎండ తగలనిచోట పెట్టాను. మొదటిరోజు ఏం లేదు. రెండోరోజు పొద్దున్న చూస్తే పాళీ దగ్గర్నించి సన్నటి నీలం తీగ ఒకటి, పొగలాగా, కిందకి దిగుతోంది. ఇవాళ్టికి మూడు రోజులు. ఇంకా దిగుతూనే ఉంది.

నీళ్లు మార్చాల్సొచ్చినప్పుడల్లా ఆ నీలం నీళ్లు పారబొయ్యకుండా చిన్న సీసాలో పోస్తున్నాను. ఆదివారం వస్తానన్నాడు. పాత ముగ్గుపుల్ల ఒకటి ముంచి కాగితం మీద ర రాసి చూశాను. పలచగా, లేత నీలంగా, పడుతోంది.